మన అర్జీలకు జవాబు ఎన్ని రోజులకు వచ్చింది? – జోడేఘాట్ నుంచి 10 శాతం రిజర్వేషన్ దాకా

పోస్ట్ పెద్దగుంది, ఓపికతో చదవండి.

ఇచ్చోడలో, ఉట్నూరులో, ఆదిలాబాద్‌లో హాస్టళ్లల్ల ఉండి చదువుకునే మనందరికీ ఒక మాట బాగా అలవాటైంది. "ఎమ్మెల్యే సార్ లెటర్ ఇచ్చిండు కదా, ఇంకా ఏం కాలేదేంది?" రోడ్డుకైనా, బోరుకైనా, పోడు పట్టాకైనా, స్కాలర్‌షిప్‌కైనా ఇదే మాట. మన ఊరి పట్ల ముందుపడి నలుగురిని తీసుకొని పోతడు. లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాయించుకుంటరు, కింద ఆకుపచ్చ ఇంకు సంతకం. ఆ కాగితం ఆఫీసులో ఇచ్చి బస్సెక్కి ఇంటికొస్తరు. ఇగ ఆ తర్వాత ఆ కాగితం ఏమైతది? ఎన్ని రోజులకు జవాబు రావాలె? రాకుంటే ఎవర్ని అడగాలె? మన ఇండ్లల్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం మనమే కాబట్టి ఈ సంగతి మనమే తెలుసుకొని మనోళ్లకు చెప్పాలె. అందుకే దీని చరిత్రను కొంచెం వెనక నుంచి రాస్తున్నాం.

ముందు రూల్ ఏం చెప్తది?

ఎంపీలు, ఎమ్మెల్యేలు రాసే లేఖలతో అధికారులు ఎట్ల వ్యవహరించాలో కేంద్ర ప్రభుత్వం 1974 నవంబర్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2011 డిసెంబర్ 1న వాటన్నిటినీ మళ్లీ ఒక్కచోట చేర్చి ఉత్తర్వు ఇచ్చింది. అందులో లెక్క చాలా సాఫ్‌గా ఉంది. లేఖ అందిన 15 రోజుల్లో అందినట్టు తెలపాలె. ఆ తర్వాతి 15 రోజుల్లో జవాబు ఇవ్వాలె. ఆలస్యం అయ్యేట్టుంటే ఎప్పటివరకు తుది జవాబు ఇస్తరో చెప్తూ మధ్యంతర జవాబు పంపాలె. లేఖ తమ శాఖది కాకపోతే మూలకు పెట్టకుండా సరైన శాఖకు పంపి, ఆ సంగతి రాసినవాళ్లకు చెప్పాలె.

మొత్తం 30 రోజులు. ఈ ఉత్తర్వు కేంద్ర శాఖల కోసం ఇచ్చింది. కానీ ఎన్నికైన మనిషి రాసిన కాగితానికి ఎన్ని రోజుల్లో జవాబిస్తే మర్యాద అనేదానికి దీన్ని మనం కొలతబద్దగా పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఈ 30 రోజుల కొలతబద్దతో మన జిల్లా చరిత్రను కొలిచి చూద్దాం.

అర్జీ రాసే భాషే మనది కాని కాలం

నిజాం కాలంలో మన తాతముత్తాతలకు ఎన్నికైన ప్రతినిధి అంటూ ఎవరూ లేరు. ఊరి పట్ల ఉండె, ఆయన మీద రాజ్ గోండు దొరలు ఉండె. కానీ సర్కారు ఆఫీసులో వాళ్ల మాటకు బరువు తగ్గిపోయింది. అడవిని రిజర్వు చేసి గీతలు గీసిన కొద్దీ, నిన్నటిదాకా దున్నిన చేను ఇయ్యాల 'ఆక్రమణ' అయింది. ఇంట్లో గోండి, కొలామి. సంతలో తెలుగు, మరాఠీ. ఆఫీసులో ఉర్దూ. అర్జీ పెట్టాలంటే ముందు అర్జీ రాసే మనిషికి పైసలు ఇయ్యాలె. ఆయన ఏం రాసిండో మనోడికి తెల్వది, వేలిముద్ర వేసి రావుడే.

కుమ్రం భీమ్ పోరాటాన్ని మనం తుపాకుల కథగానే ఎక్కువ చెప్పుకుంటం. కానీ అది మొదలైంది అడుగుడుతోనే. జోడేఘాట్, బాబేఝరి చుట్టుపక్కల గూడేలోళ్లు అడిగింది మేము నరికి సాగు చేసుకున్న భూమి మాకు ఇయ్యాలని, అడవి సిబ్బంది జులుం ఆపాలని. 12 గూడేల కోసం భీమ్ హైదరాబాద్ దాకా పోయి నిజాంను కలవాలని చూసిండని, కలవనియ్యలేదని మన పెద్దలు ఇప్పటికీ చెప్తరు. అడిగినదానికి వచ్చిన జవాబు ఇండ్లు కాలబెట్టుడు, ఆ తర్వాత పోలీసులు. 1940లో జోడేఘాట్ గుట్టల మీద భీమ్‌ను, ఆయన తోటివాళ్లను కాల్చి చంపిన్రు. ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమికి మనం అక్కడికి పోయి దండం పెట్టుకుంటం.

ఆ తర్వాత సర్కారుకు ఒక ప్రశ్న వచ్చింది. వీళ్లు ఎందుకు తిరగబడ్డరు? అది తెలుసుకోవడానికి ఆస్ట్రియా దేశం నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను మన గుట్టలకు పంపిన్రు. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉండి, ఊరూరు తిరిగి చూసి, ఏం జరుగుతుందో రిపోర్టులు రాసిండు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గిరిజన ప్రాంతాల కోసం 1356 ఫసలీలో, అంటే 1946లో, ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ సంవత్సరాల్లోనే జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాలకు మనోళ్ల పేర్ల మీద పట్టాలు ఇచ్చిన్రు.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలె. 1946లో సర్కారు ఇచ్చిన పట్టా 1940లో భీమ్ అడిగిన పట్టానే. అంటే ఆ కోరిక తప్పు కాదని సర్కారే ఒప్పుకున్నట్టు. మరి అడిగినప్పుడే ఇస్తే? జవాబు రావడానికి ఆరేండ్లు, అంతమంది ప్రాణాలు పట్టింది.

కేస్లాపూర్ దర్బార్: ఆఫీసే మన దగ్గరికొచ్చిన రోజు

నాగోబా జాతరకు పోయినవాళ్లందరికీ దర్బార్ తెలుసు. పుష్య అమావాస్యకు మెస్రం వంశంవాళ్లు గోదావరి జలం తెచ్చి కేస్లాపూర్‌లో పూజ చేస్తరు. ఆ జాతరలోనే అధికారులు కూసుంటరు, మనోళ్లు అర్జీలు ఇస్తరు. చిన్నప్పుడు మనకు అది జాతరలో ఒక భాగంలాగనే అనిపించేది. కానీ అది దేవుని ఆచారం కాదు, 1940లలో హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైన పద్ధతి. జోడేఘాట్ తర్వాత సర్కారుకు అర్థమైన సంగతి ఏందంటే, ఈ జనం ఆఫీసు దాకా రాలేరు, వచ్చినా లోపలికి పోనియ్యరు. కాబట్టి ఏడాదికి ఒక్కసారన్నా ఆఫీసే జనం దగ్గరికి రావాలె. అందరూ ఒక్కచోట కలిసే జాతర కన్నా మంచి జాగ ఏముంటది?

ఆలోచన మంచిది. దాంట్లో ఉన్న బలం కూడా చూడండి. అర్జీ నలుగురి ముందట ఇస్తరు. తీసుకున్న అధికారి ఎవరో అందరికీ కనిపిస్తడు. వచ్చే పుష్య అమావాస్యకు మళ్లీ అదే జాగల అదే జనం ఉంటరు. అంటే గడువు దానంతట అదే ఉంది, ఒక సంవత్సరం. పోయినేడు ఇచ్చిన అర్జీ ఏమైంది అని అడగడానికి సాక్షులు ఉన్నరు.

కానీ దర్బార్‌కు లేనిది ఒకటుంది, అది లెక్క. ఈ ఏడు ఎన్ని అర్జీలు వచ్చినయి, పోయినేడు వచ్చినవాటిలో ఎన్నింటికి జవాబు ఇచ్చినం, ఎన్ని మిగిలినయి అని మొదలే చదివి వినిపిస్తే దర్బార్ వేరే తీరుగ ఉంటది. ఇప్పుడు మంత్రులు, ఎంపీ, ఎమ్మెల్యేలు కూడా దర్బార్‌కు వస్తరు, వాళ్లు కూడా వేదిక మీద నుంచి అధికారులను అడుగుతరు. అడిగినదంతా ఒక పుస్తకంలో రాసి వచ్చే ఏడు తెరిస్తే చాలు.

రాజ్యాంగంలో మన లెటర్లు

1950 నుంచి మనకు రాజ్యాంగం ఉంది, ఐదో షెడ్యూల్ ఉంది. అందులో మన తరఫున రెండు రకాల రాతకోతలు రాసి పెట్టిన్రు. ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతాల పరిపాలన మీద గవర్నర్ ప్రతి సంవత్సరం రాష్ట్రపతికి రిపోర్టు పంపాలె. రెండోది, గిరిజన సలహా మండలి. 20 మందికి మించకుండా సభ్యులు ఉంటరు, అందులో నాలుగింట మూడు వంతులు మన ఎస్టీ ఎమ్మెల్యేలే.

వినడానికి మంచిగుంది. కానీ ఆ మండలి దేని మీద సలహా ఇయ్యాలె? గవర్నర్ తమకు పంపిన విషయాల మీద. తాము అనుకున్నది తామే ఎత్తుకొని సర్కారును కట్టడి చేసే అధికారం దానికి రాయలేదు. 1949 సెప్టెంబర్‌లో రాజ్యాంగ సభలో ఐదో షెడ్యూల్ చర్చకు వచ్చినప్పుడు జార్ఖండ్ ప్రాంతపు ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా ఇదే సంగతి మీద లేచి అభ్యంతరం చెప్పిండు. ముందటి ముసాయిదాలో సలహా మండలికి ఉన్న బలాన్ని కొత్త ముసాయిదాలో తీసేసిన్రని ఆయన బాధ. ఆయన చెప్పినట్టు జరగలేదు. మన ఎమ్మెల్యేల మాట 'సలహా' దగ్గరనే ఆగిపోయింది. సలహాకు జవాబు ఎన్ని రోజుల్లో ఇయ్యాలో షెడ్యూల్‌లో ఎక్కడా లేదు.

ఇంద్రవెల్లి

ఇది రాయకుండా మన చరిత్ర రాయలేం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేసిన్రు. 1970 సవరణతో షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని గట్టిగా రాసిన్రు. కాగితం మీద చట్టం ఉంది. చేన్లల్ల మాత్రం షావుకారి అప్పు, చెరిగిపోయిన హద్దులు, పెరిగిన వలస. 1940లలో పట్టాలు వచ్చిన మనోళ్లల్లోనే ఎందరో ముప్పై ఏండ్లకు కూలోళ్లయిన్రు. 1970లలో మళ్లీ వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్ కూడా ఈ భూములు పోవుడు గురించి బాధపడుతూ రాసిండు.

అప్పటికి ఎన్నికలు ఉన్నయి, ఎమ్మెల్యేలు ఉన్నరు, తాసీల్ ఆఫీసులు ఉన్నయి. భూమికి పట్టా, పంటకు ధర, షావుకారి దోపిడీ మీద చర్య, ఇవే అడుగుతూ గిరిజన రైతు కూలీ సంఘం 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభ పెట్టుకుంది. ఆ రోజు సోమవారం, సంత రోజు. ముందు ఇచ్చిన అనుమతి తర్వాత రద్దు చేసిన్రు. ఆ సంగతి గుట్టల మీది గూడేలకు ఎట్ల తెలుస్తది? సభకు వచ్చేటోళ్లు, సంతకు వచ్చేటోళ్లు నడుచుకుంటనే వచ్చిన్రు. పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్క 13 మంది. చనిపోయినవాళ్లు దానికన్నా చాలా ఎక్కువ అని పౌరహక్కులవాళ్లు, మన పెద్దలు చెప్తరు.

అనుమతి రద్దు చేసిన కాగితం మాత్రం ఎంత జల్దీ కదిలిందో చూడండి. అంటే కాగితం నడవలేదని కాదు. సర్కారుకు అవసరమైనప్పుడు ఒక్క రోజులో నడుస్తది. పట్టా అడిగిన కాగితం మాత్రం ఏండ్లకేండ్లు నడవదు. ఈ తేడానే మనం అర్థం చేసుకోవాలె. ఆలస్యం అంటే చేతకాకపోవుడు ఒక్కటే కాదు, ఎవరి పని ముందు, ఎవరి పని వెనక అని ఎంచుకోవుడు కూడా.

ఇంద్రవెల్లి స్తూపం దగ్గర నివాళి అర్పించడానికే ఎన్నో ఏండ్లు ఆంక్షలు ఉండె. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి అక్కడికి వచ్చి నివాళులు అర్పించి, స్మృతివనానికి శంకుస్థాపన చేసిన్రు. లెక్క వేస్తే దాదాపు 43 ఏండ్లు.

1,993 రోజులు

ఇప్పుడు మన తరం కథకు వద్దాం. ఇది మన చదువుకు, మన ఉద్యోగానికి నేరుగా తగిలిన సంగతి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు 6 శాతం రిజర్వేషన్ ఉండె. తెలంగాణ వేరుపడ్డంక మన జనాభా వంతు మారింది. 2011 జనాభా లెక్కల ప్రకారం కొత్త రాష్ట్రంలో ఎస్టీలు 9 శాతానికి పైగా ఉన్నరు. జనాభాకు తగ్గట్టు వాటా కావాలని అన్ని సంఘాలు అడిగినయి. చెల్లప్ప కమిషన్ వేసిన్రు, రిపోర్టు వచ్చింది. 2017 ఏప్రిల్ 16న ఆదివారం ప్రత్యేక సమావేశం పెట్టి శాసనసభ, మండలి బిల్లు పాస్ చేసినయి. ఎస్టీలకు 6 నుంచి 10 శాతం, ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 నుంచి 12 శాతం. మొత్తం 50 శాతం దాటుతది కాబట్టి, తమిళనాడు 69 శాతానికి 1994లో చేసినట్టు దీన్ని కూడా తొమ్మిదో షెడ్యూల్‌లో పెట్టాలని కేంద్రాన్ని అడిగిన్రు. బిల్లు రాష్ట్రపతి ఆమోదానికి పోయింది.

ఒక ఎమ్మెల్యే రాసిన లెటర్‌కు జవాబు రాకుంటే "ఆయన మాటకు బరువు లేదు" అనొచ్చు. ఇది ఒక ఎమ్మెల్యే లెటర్ కాదు. రాష్ట్రం మొత్తం ఎన్నుకున్న సభ పంపిన కాగితం. దానికి ఎన్ని రోజుల్లో జవాబు రావాలె? రాజ్యాంగం 201 అధికరణం తీసి చదివితే మనకు ఒక చిత్రం కనిపిస్తది. రాష్ట్రపతి బిల్లును తిరిగి పంపితే ఆరు నెలల్లోపు మళ్లీ చర్చించాలని శాసనసభకు గడువు పెట్టిన్రు. కానీ ఒప్పుకుంటరా, ఒప్పుకోరా అని చెప్పడానికి అవతలివైపు అందులో ఏ గడువూ రాయలేదు. అడిగేటోనికి గడువుంది, ఇచ్చేటోనికి లేదు.

ఏండ్లు గడిచినయి. 2022 మార్చి 21న అప్పటి నల్గొండ ఎంపీ ఉత్తమ్ కుమార్ రెడ్డి లోక్‌సభలో ఈ సంగతి మీద ప్రశ్న వేసిండు. గిరిజన వ్యవహారాల సహాయ మంత్రి బిశ్వేశ్వర్ టుడు జవాబు ఏందంటే, తెలంగాణ నుంచి అలాంటి ప్రతిపాదన ఏదీ రాలేదని. రాష్ట్రంలో గగ్గోలు అయింది. సభ పాస్ చేసిన బిల్లే పంపినం కదా, రాలేదంటరేంది అని అప్పటి అధికార పార్టీ ఎంపీలు సభా హక్కుల నోటీసు కూడా ఇచ్చిన్రు.

ఎవరిది తప్పు అని పార్టీలు కొట్లాడుకున్నయి. మనం పార్టీ సంగతి పక్కనపెట్టి కాగితం సంగతి చూద్దాం. రాష్ట్రాల బిల్లులు రాష్ట్రపతి దగ్గరికి పోయే దారి కేంద్ర హోం శాఖ గుండా ఉంటది. ప్రశ్న పోయింది గిరిజన వ్యవహారాల శాఖకు. ఒక శాఖ టేబుల్ మీది ఫైలు ఇంకో శాఖకు లేనట్టే. 'మాకు రాలేదు' అన్న మూడు అక్షరాల మాటకు... కాదు, ఆ చిన్న మాటకు మన పిల్లల ఐదేండ్లు సమానం అయిపోయినయి.

చివరికి రాష్ట్ర ప్రభుత్వం కేంద్రం జవాబు కోసం ఇంకా చూడలేమని 2022 సెప్టెంబర్ 30న జీవో 33 ఇచ్చి ఎస్టీ రిజర్వేషన్‌ను 10 శాతం చేసింది. 2017 ఏప్రిల్ 16 నుంచి 2022 సెప్టెంబర్ 30 వరకు లెక్కపెట్టండి. 5 సంవత్సరాల 5 నెలల 14 రోజులు. మొత్తం 1,993 రోజులు. 30 రోజుల కొలతబద్దకు 66 రెట్లు.

1,993 రోజులంటే ఏంది? 2017లో ఇంటర్ పాసైన అక్క డిగ్రీ మూడేండ్లు, బీఈడీ రెండేండ్లు పూర్తి చేసి బయటికొచ్చే కాలం. ఆమె చదువు మొత్తం 6 శాతం లెక్కలోనే అయిపోయింది. 100 సీట్లల్ల 6కి, 10కి తేడా 4. ఆ నాలుగు సీట్లల్ల కూసోవాల్సిన మనోళ్లు ఎవరో మనకు తెల్వదు. పత్తి ఏరడానికి పోయిన్రో, ఇటుక బట్టీకి పోయిన్రో. ఆలస్యానికి లెక్క రాసే పుస్తకం లేదు కాబట్టి వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

తేదీ ఉన్నదానికే జవాబొస్తది

పైన చెప్పిన కథలో ఒక్కటి గమనించండి. ఐదేండ్లు సప్పుడు లేని సంగతికి 2022 మార్చిలో ఒక జవాబు ఎందుకొచ్చింది? జవాబు మంచిదో చెడ్డదో తర్వాత. కానీ వచ్చింది. ఎందుకంటే పార్లమెంటు ప్రశ్నకు తేదీ ఉంటది. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇస్తరు, ఫలానా రోజు ఫలానా మంత్రి జవాబు చెప్పాల్సిందే. తప్పించుకోవడానికి లేదు.

ఇంకో సంగతి. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. మంత్రి సభలో "ఈ విషయం పరిశీలనలో ఉంది" అన్నా, "నేను చూస్తాను" అన్నా ఆ కమిటీ దాన్ని హామీ కింద రాసుకుంటది. మూడు నెలల్లో అది నెరవేర్చాలె, లేకుంటే గడువు పెంచమని కమిటీని అడగాలె. అదే "పరిశీలనలో ఉంది" అన్న మాట మన చేతికి లెటర్‌లో వస్తే ఏమంటం? ఇగ పని అయిపోయింది, ఇది రాదు అని లేచి వస్తం. మాట ఒక్కటే. ఒక చోట రాసుకునేటోడు ఉన్నడు, ఇంకో చోట లేడు. తేడా అంతే.

బ్రిటన్‌లో ఎంపీల లేఖలకు 20 పనిదినాల్లో జవాబు ఇయ్యాలని లక్ష్యం పెట్టుకున్నరు. అక్కడ కూడా అన్ని శాఖలు దాన్ని అందుకోవు. కానీ ఏ శాఖకు ఎన్ని లేఖలు వచ్చినయి, గడువులోపు ఎన్ని శాతం వాటికి జవాబు పోయింది అని పట్టిక చేసి ప్రభుత్వమే బయటపెడుతది. వెనకబడిన శాఖ పేరు అందరికీ కనిపిస్తది. ఎంపీలు దాన్ని పట్టుకొని మంత్రిని నిలదీస్తరు. మన దర్బార్‌లో లేదని చెప్పిన లెక్క ఇదే.

మా హాస్టల్‌లో చూసింది

ఇది పెద్దోళ్ల సంగతే అనుకోవద్దు. మా హాస్టల్‌లో ఒక ఎండాకాలం నీళ్ల మోటారు కాలిపోయింది. పిల్లలందరం బకెట్లు పట్టుకొని బయటి బోరు దగ్గరికి పోవుడే. ఒక ప్రజాప్రతినిధి దగ్గరికి పోతే ఆయన మంచిగనే మాట్లాడి లెటర్ రాసిచ్చిండు. ఆఫీసులో ఇచ్చి, మా దగ్గరున్న జిరాక్స్ మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకున్నం. రెండు నెలలు గడిచినా సప్పుడు లేదు. కింది ఆఫీసులో అడిగితే "పైకి పంపినం" అన్నరు. పై ఆఫీసులో అడిగితే "కింది నుంచి రిపోర్టు రాలేదు" అన్నరు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, అదే విచిత్రం.

అప్పుడు మేము ఆర్టీఐ కింద అడిగినం. ఫలానా నంబర్, ఫలానా తేదీ లేఖ మీద రోజువారీగా ఏం చర్య తీసుకున్నరు, ఫైలు నోట్ కాపీ ఇయ్యండి అని. 28వ రోజు జవాబు వచ్చింది. ఆ లెటర్ ఒక్క టేబుల్ మీదనే 41 రోజులు ఉన్నట్టు అందులో కనిపించింది. మోటారు కూడా ఆ నెలలోనే వచ్చింది. ఎమ్మెల్యే స్థాయి మనిషి సంతకానికి కదలని కాగితం, పది రూపాయల దరఖాస్తుకు కదిలింది. ఆ దరఖాస్తుకు చట్టంలో 30 రోజుల గడువు ఉంది, తప్పితే జరిమానా ఉంది. లెటర్‌కు ఆ రెండూ లేవు.

మనం చేయగలిగినవి

మన ఊర్లల్ల మనమే చేయదగ్గ పనులు కొన్ని రాస్తున్నాం.

ప్రజాప్రతినిధి లెటర్ తీసుకునేటప్పుడు ఒక కాపీ మన దగ్గర పెట్టుకోవాలె. లెటర్‌లో ఒకే ఒక్క సంగతి ఉండాలె. రోడ్డు, బోరు, పట్టా మూడూ ఒక్క కాగితంలో రాస్తే అది మూడు శాఖల మధ్య తిరిగి తిరిగి ఎవరిదీ కాకుండ పోతది.

ఆఫీసులో ఇచ్చినప్పుడు కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబర్ తప్పకుండా వేయించుకోవాలె. సోమవారం ప్రజావాణిలో ఇస్తే ఆ రసీదు దాచుకోవాలె. నంబర్ లేని అర్జీ పుట్టిన తేదీ లేని పిల్లగాని లెక్క, బడిలో చేర్చుకోరు.

30 రోజులు దాటితే ఆ నంబర్‌తో ఆర్టీఐ వేయాలె. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లకు అసలు ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు రాకుంటే మొదటి అప్పీలు పెట్టుకోవచ్చు.

వచ్చిన జవాబును మళ్లీ ఆ ఎమ్మెల్యేకో, ఎంపీకో తీసుకపోయి ఇయ్యాలె. ఇది చాలా ముఖ్యం. వాళ్ల దగ్గరికి రోజూ వందల మంది వస్తరు, ఏ లెటర్ ఏమైందో వాళ్లకు కూడా గుర్తుండదు. మీ లేఖ ఇన్ని రోజులు ఫలానా చోట ఆగింది అని కాగితంతో చూపిస్తే, సభలో ప్రశ్న వేయమని అడిగే హక్కు మనకు వస్తది. బోథ్, ఖానాపూర్, ఆసిఫాబాద్ ఎస్టీ సీట్లు, ఆదిలాబాద్ ఎంపీ సీటు కూడా ఎస్టీదే. మన ఓట్లతో పోయినోళ్లు మన ప్రశ్న వేయాలె కదా.

ఇంకొకటి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయినంక ఏడాదిన్నరకు పైగా ఊర్లల్ల ప్రత్యేక అధికారులే ఉన్నరు. అంటే లెటర్ రాసేది అధికారే, తీసుకునేది అధికారే. ఎన్నికైన మనిషి లేని ఆ కాలంలో ఊరి తరఫున అడిగే గొంతే లేకుండె. కాబట్టి సర్పంచ్ ఎన్నికను మందు, పైసల పండుగలాగ చూడకుండా, మన ఊరి కాగితం ఎవరు మోస్తరు అని చూసి ఓటు వేయమని ఇంట్లో బాపుకు, అవ్వకు చెప్పండి.

చివరగా కేస్లాపూర్ గురించి ఒక ప్రతిపాదన. చదువుకున్న పిల్లలం మన రాయి సెంటర్ సార్మెడి పెద్దలను అడిగి, వచ్చే జాతర దర్బార్‌లో ఇచ్చే ప్రతి అర్జీని ఒక రిజిస్టర్‌లో రాద్దాం. పేరు, ఊరు, సంగతి, తీసుకున్న అధికారి హోదా, తేదీ. ఆ తర్వాతి ఏడు అదే దర్బార్‌లో లేచి చదువుదాం. ఇన్ని ఇచ్చినం, ఇన్నింటికి జవాబు వచ్చింది, ఇన్నింటికి రాలేదు అని. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్, రాయొచ్చిన నలుగురు పిల్లలు చాలు.

ఒకప్పుడు మనోళ్లకు ఉర్దూ రాక వేలిముద్ర వేసి వచ్చిన్రు. ఇప్పుడు మనకు రాయొస్తది, చదవొస్తది, లెక్క పెట్టొస్తది. నోట్‌బుక్ మేము కొంటాం. ఇచ్చోడ, ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూరు వైపు నుంచి రాయడానికి ఎవరెవరు వస్తరో మీ హాస్టల్ పేరుతో చెప్పండి.

జై సేవా. జై కుమ్రం భీమ్.